యాభై దాటాక కాషన్ ఆర్డర్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, ఏదైనా సాంకేతిక విషయం మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు. కానీ భోజనాల ముందు కాబట్టి ఎవరూ నిద్రపోకూడదు" అన్నారు. ఈ రెండు షరతులూ ఒకేసారి నెరవేర్చడం కష్టం. అందుకని సాంకేతికం కొంచెం, సొంత గోడు కొంచెం కలిపి ఒక విషయం ఎంచుకున్నాను. యాభై దాటాక ఒంటరిగా రైలెక్కడం, అందులో ఎదురయ్యే చిన్న చిన్న చికాకులు.

ఈ విషయమే ఎందుకంటే, స్వర్ణోత్సవానికి రమ్మని మా బ్యాచ్ వాళ్లకు ఫోన్లు చేసే పని నాకు అప్పగించారు. రాలేమన్నవాళ్లలో కొందరికి ఇంట్లో పెళ్లిళ్లున్నాయి. కొందరికి ఆరోగ్యం బాగాలేదు. అవి తప్పనిసరి కారణాలు. కానీ నలుగురు మాత్రం దాదాపు ఒకే మాట అన్నారు. "ఎవరైనా తోడుంటే వద్దుం. ఒక్కణ్ణే అంత దూరం ఏం వస్తాంరా?" ఈ నలుగురికీ జబ్బులేమీ లేవు. డబ్బుకూ లోటు లేదు. అందులో ఒకడు కాలేజీ రోజుల్లో జనరల్ పెట్టెలో తలుపు దగ్గర ట్రంకు పెట్టె మీద కూర్చుని రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారి పరీక్ష రాసినవాడు. వాడికి ఇప్పుడు ఏసీ బోగీలో బెర్తు దొరికినా రావడానికి మనసొప్పలేదు. వాణ్ణి తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ మాట ఈమధ్య నా నోటిదాకా కూడా వస్తోంది. అందుకే దాన్ని విప్పి చూద్దామనిపించింది.

ముందుగా మా వయసు రైల్వే లెక్కలో ఎక్కడుందో చెబుతాను. టికెట్ తీసుకునేటప్పుడు మనం అడగకపోయినా, ఖాళీ ఉంటే కంప్యూటరే కింది బెర్తు ఇచ్చే వెసులుబాటు ఆడవాళ్లకు 45 నిండితే ఉంది. మగవాళ్లకు 60 నిండాలి. నాకు 56. అంటే ఇంకో నాలుగేళ్లపాటు రైల్వే దృష్టిలో నేను కుర్రవాణ్ణి. మోకాళ్ల దృష్టిలో కాదు. కింది బెర్తుకు చిన్నవాణ్ణి, పై బెర్తుకు పెద్దవాణ్ణి. పోనీ, 60 వచ్చాక టికెట్లో రాయితీ అయినా ఉంటుందిలే అనుకున్నాం. మగవాళ్లకు 40 శాతం, 58 నిండిన ఆడవాళ్లకు 50 శాతం ఉండేది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఆపేశారు, మళ్లీ ఇవ్వలేదు. మా బ్యాచ్‌కి మొదటినుంచీ ఇదే వరస. మేం ఏ తరగతిలోకి అడుగుపెడితే ఆ ఏడాది పుస్తకాలు మారిపోయేవి. పైవాళ్ల దగ్గర సగం ధరకు కొనుక్కునే యోగం ఉండేది కాదు.

బెర్తు నెంబరు చూడగానే అది కిందదో పైదో తెలుసుకోవడానికి ఎనిమిదితో భాగించాలని మీకు తెలుసు కదా. స్లీపర్లోనూ థర్డ్ ఏసీలోనూ శేషం 1 గానీ 4 గానీ వస్తే కింది బెర్తు. 2, 5 మధ్యవి. 3, 6 పైవి. 7 సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. లెక్కల మాస్టారు బెత్తం పట్టుకుని భాగహారం చెప్పినప్పుడు, "ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుందిరా" అని వెనక బెంచీలో గొణిగేవాళ్లం. పనికొచ్చింది మాస్టారూ. మొన్న నాకు 35 వచ్చింది. శేషం మూడు. పై బెర్తు.

వయసు పెరగడానికి ఇంకో కొలత ఉంది. తోటి ప్రయాణికులు మనల్ని పిలిచే పిలుపు. ఇరవైల్లో "బాబూ, కాస్త జరుగు" అనేవారు. ముప్పైల్లో "బ్రదర్", "అన్నా" అన్నారు. నలభైల్లో "సార్" వచ్చింది. అది మన హోదా చూసి అనుకున్నాం, జుట్టు చూసి అని తర్వాత తెలిసింది. ఆ తర్వాత "అంకుల్". ఈమధ్య నేను పెట్టె పైకెత్తబోతుంటే ఓ కుర్రాడు లేచి, "ఉండండి బాబాయ్ గారూ, నేను పెడతాను" అన్నాడు. ఆ "బాబాయ్ గారూ" రెండు రోజులు గుచ్చుకుంది. నడుము మాత్రం ఆ కుర్రాణ్ణి వెంటనే దీవించింది.

ఇక చికాకులు. ఒంటరి ప్రయాణికుడికి మొదటి చికాకు ఒక మాట: "ఒక్కరే కదా సార్." ఒక కుటుంబానికి మూడు బెర్తులు ఒకచోట, నాలుగోది పక్క బోగీలో వస్తే, అందరి చూపూ ఒంటరివాడి మీద పడుతుంది. "ఒక్కరే కదా సార్, అటు వెళ్తారా?" వెళ్తాం. అక్కడికి వెళ్లేసరికి ఇంకో కుటుంబం ఉంటుంది. వాళ్లూ అదే అడుగుతారు. ఒక రాత్రి నేను అలా మూడు చోట్లు మారాను. చివరికి టీటీగారు వచ్చి, "మీరు అసలు ఎవరు?" అన్నారు.

తర్వాతిది ఫోన్లు. రాత్రి పది దాటాక గట్టిగా మాట్లాడకూడదు, పాటలు పెట్టకూడదు అని రైల్వేవాళ్ల నియమం ఉంది. ఎదుటివాళ్ల ఫోన్లో పదిహేను సెకండ్లకో నవ్వు, పదిహేను సెకండ్లకో ఏడుపు వస్తూ ఉంటుంది. మధ్య బెర్తు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వేసుకోవచ్చనేదీ నియమమే. తొమ్మిదింటికే ఒకాయన దాన్ని ఎత్తేస్తాడు. కింద కూర్చున్నవాళ్లందరూ నమస్కారం పెడుతున్నట్టు ఒంగి కూర్చోవాలి. చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు మన నెత్తి దగ్గరే ఉంటుంది గానీ అందులో ఎప్పుడూ పరాయివాళ్ల వైరే ఉంటుంది. పై బెర్తు నుంచి అర్ధరాత్రి దిగి బాత్‌రూముకు వెళ్లిరావడం ఒక సాహసం. చీకట్లో మెట్టు కోసం కాలు వెతుకుతుంది. దొరికింది మెట్టా, కింది బెర్తు ఆయన భుజమా అన్నది ఆయన అరిచాక తెలుస్తుంది.

నేను గమనించింది ఏమిటంటే, వీటిలో చాలామటుకు కొత్తవి కావు. ముప్పై ఏళ్ల క్రితం ఫోన్లు లేవు గానీ రాత్రంతా పేకాట ఉండేది, ట్రాన్సిస్టర్ ఉండేది, ఏడ్చే చంటిపిల్లలు ఉండేవారు. బెర్తులు మారమనడం అప్పుడూ ఉంది. అప్పుడు మనకు అవి చికాకులుగా లెక్కలోకి రాలేదు. మరి ఇప్పుడెందుకు వస్తున్నాయి?

కొంత శరీరం మార్పు. కళ్లకు వచ్చే చత్వారం సంగతి చూడండి. నలభైకి సంస్కృతంలో చత్వారింశత్ అంటారు. మన పెద్దవాళ్లు జబ్బు పేరులోనే వయసు పెట్టేశారు. కంట్లో కటకం గట్టిపడుతూ వస్తుంది, దగ్గరి వస్తువు కోసం వంపు మార్చుకోలేదు. అందుకే మసక వెలుతురులో చిన్న అక్షరాలు చదవడానికి కళ్లజోడు వెతుక్కోవాలి. చెవి మొదట సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలను పోగొట్టుకుంటుంది. మాటల్లో స, ష, ఫ లాంటివి అక్కడే ఉంటాయి. కాబట్టి స్టేషన్లో ప్రకటన వినపడుతుంది గానీ, గోలలో అది ఏ ప్లాట్‌ఫారమో అర్థం కాదు. నిద్రలో గాఢనిద్ర భాగం తగ్గుతుంది, చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది. దాహం కూడా తెలియడం తగ్గుతుంది. ఒంటికి నీళ్లు కావాలని నోరు ఆలస్యంగా చెబుతుంది. మనం ఏమో రాత్రి లేవాల్సి వస్తుందని ఉన్న నీళ్లూ తాగకుండా పడుకుంటాం. పొద్దున్నే తలనొప్పి వస్తే రైలును తిట్టుకుంటాం.

ఇప్పుడు కార్యదర్శిగారు అడిగిన సాంకేతిక విషయానికి వస్తాను. మన చిన్నప్పుడు రైలెక్కితే టకటకా, టకటకా అని చప్పుడు వచ్చేది. అది నిద్రపుచ్చేది కూడా. పట్టాకూ పట్టాకూ మధ్య వదిలిన సందు మీదుగా చక్రం దాటినప్పటి చప్పుడది. ఇనుము ఎండకు సాగుతుంది కాబట్టి సందు వదిలేవారు. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 6 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. ఇప్పుడు చాలా లైన్లలో పట్టాలను కలిపి అతికేసి ఒకటే పొడుగు పట్టాగా చేశారు. సందుల్లేవు, ఆ చప్పుడూ లేదు. మరి ఎండకు ఆ పట్టా ఎక్కడికి సాగుతుంది? నడిమధ్య భాగం ఎక్కడికీ సాగదు. స్లీపర్లు, వాటిని పట్టుకున్న క్లిప్పులు, చుట్టూ పోసిన కంకర కలిసి దాన్ని కదలనివ్వవు. సాగాలనే ఒత్తిడంతా లోపలే ఉండిపోతుంది. కంకర నిండుగా ఉన్నంతకాలం పైకి ఏమీ తెలియదు. కంకర తగ్గినచోట, మండుటెండలో పట్టా పక్కకు వంకర తిరిగే ప్రమాదం ఉంది.

మన సంగతీ అంతే అనిపిస్తుంది నాకు. ఎండ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ముప్పైల్లో మన చుట్టూ కంకర దండిగా ఉండేది. ఒక రాత్రి నిద్రలేకపోయినా మర్నాడు పనిచేసేవాళ్లం. రైలు ఐదు గంటలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీదే దుప్పటి పరిచేవాళ్లం. ఇప్పుడు ఆ మిగులు తగ్గింది. ఫోనులో పాట పెట్టిన కుర్రాడి మీద నాకు వచ్చే కోపంలో పావు వంతు ఆ పాటది. మిగతా ముప్పావు నేను సరిగ్గా నిద్రపోని నిన్నటి రాత్రిది. కాబట్టి చికాకు వచ్చినప్పుడల్లా లోకం చెడిపోయిందని తీర్పు చెప్పేబదులు, కంకర ఎక్కడ తగ్గిందో చూసుకోవడం ఇంజనీరుకు అలవాటైన పద్ధతి.

కంకర తగ్గిన చోట రైల్వేవాళ్లు ఏం చేస్తారు? లైను మూసెయ్యరు. డ్రైవరుకు కాషన్ ఆర్డర్ ఇస్తారు. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా వేగం తగ్గించి వెళ్లు అని కాగితం మీద రాసిస్తారు. ఈలోగా కంకర పోసి, కూర్చి, మళ్లీ వేగం పెంచుతారు. బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది. మా నలుగురు మిత్రులు కాషన్ ఆర్డర్ రాయాల్సిన చోట లైను మూసేశారు. నేను చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే.

లైను మూస్తే ఏమవుతుందో మా పెద్దమ్మ విషయంలో చూశాను. ఆవిడ తాడేపల్లిగూడెంలో ఉంటుంది. పెద్దనాన్న పోయాక పదేళ్లపాటు ఏడాదికి ఐదారుసార్లు ఒక్కతే రైల్లో హైదరాబాదు వచ్చేది. ఆవిడ పద్ధతే వేరు. బండి కదిలిన పది నిమిషాల్లో బేలో ఉన్న ఆరుగురి ఊర్లూ, ఉద్యోగాలూ, పిల్లల పెళ్లిళ్ల సంగతులూ తెలుసుకునేది. తన సంగతులూ చెప్పేది. సంచిలోంచి సున్నుండలు తీసి పంచేది. తెల్లవారుజామున దిగాల్సిన చోట ఆవిడను లేపడానికి ఆరుగురూ అలారాలు పెట్టుకునేవారు. పెట్టె దించేవారొకరు, చెయ్యి పట్టుకునేవారొకరు. ఆవిడ ఒంటరిగా ఎక్కేది గానీ ఒంటరిగా దిగడం నేను చూడలేదు.

డెబ్బై రెండో ఏట ఒకసారి బోగీ మెట్టు మీద కాలు జారింది. దెబ్బ చిన్నదే. కొడుకులు ప్రేమగలవాళ్లు. "ఇక రైళ్లొద్దమ్మా, ఎప్పుడు రావాలన్నా కారు పంపిస్తాం" అన్నారు. మాట తప్పలేదు, కారు పంపించారు. కానీ కారు రావాలంటే డ్రైవరు ఖాళీగా ఉండాలి, కొడుక్కి సెలవుండాలి, దారిలో ఇంకో పని కలవాలి. ఐదారు ప్రయాణాలు రెండయ్యాయి, తర్వాత ఒకటయింది. ఆ తర్వాత ఆవిడే, "ఎందుకురా, మీకు శ్రమ" అనడం మొదలుపెట్టింది. ఇప్పుడు వీధి చివర గుడికి కూడా పనమ్మాయి వస్తేనే వెళ్తుంది. కాలు బాగానే ఉంది. వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం చేతిలోంచి పోయింది. తోడు దొరికితేనే ప్రయాణం అనుకుంటే, మన ప్రయాణాలు తోడు వచ్చేవాళ్ల సెలవుల మీద ఆధారపడతాయి. డెబ్బై రెండులో అది పరిస్థితుల వల్ల జరిగింది. యాభై ఆరులో మనంతట మనం ఎందుకు చేసుకోవాలి?

మన పాతకాలంలో ఒంటరి ప్రయాణం అన్న మాటే అరుదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనేవారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు పల్లకీలు, బోయీలు, పరివారంతో సుమారు వందమంది వెంట ఉన్నారు. తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు పట్టింది. ఈనాడు ఒక్క మనిషి చేతిసంచితో రాత్రి ఎక్కి తెల్లారి దిగుతున్నాడంటే, ఆ వందమంది లేరని కాదు. పట్టాలు తనిఖీ చేసే గ్యాంగ్‌మన్, ఇంజన్లో నిద్ర ఆపుకుని కూర్చున్న డ్రైవరు, సిగ్నల్ దగ్గర మనిషి, కంట్రోల్ ఆఫీసులో మనిషి, అందరూ ఉన్నారు. కనపడకుండా మోస్తున్నారు. ఆ లెక్కన రైల్లో ఎవరూ ఒంటరిగా ప్రయాణం చెయ్యరు.

ఇంకో మాట. మగవాళ్లం తోడు కావాలంటున్న ఈ వయసులోనే మా బ్యాచ్ ఆడపిల్లలు కొందరు మొదటిసారి ఒంటరిగా రైలెక్కుతున్నారు. ఈ సభలో కూర్చున్న ఒకావిడ అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను. చిన్నప్పుడు నాన్నతో, తర్వాత భర్తతో, ఆ తర్వాత పిల్లలతో ప్రయాణాలు చేసింది. 54వ ఏట కూతురి పురిటికి బెంగుళూరు మొదటిసారి ఒక్కతే వెళ్లింది. "భయం వేసిందా?" అని అడిగాను. "బయల్దేరే దాకా వేసింది. బండి కదిలాక ఎవరికీ అన్నం వడ్డించక్కర్లేదని గుర్తొచ్చింది" అంది. తన టీ తాను కొనుక్కుని, కిటికీ పక్కన కూర్చుని, రెండు గంటలు ఏమీ చెయ్యకుండా ఉందట. అలా ఉండి ఎన్నేళ్లయిందో లెక్కేసుకుందట. మనం వదులుకుంటామంటున్నది ఆవిడకు ఇప్పుడే దొరికింది.

సరే, కాషన్ ఆర్డర్‌లో ఏం రాసుకోవాలి? నేను పాటిస్తున్నవి చెబుతాను. మీకు నచ్చినవి తీసుకోండి. ఒకటి, ఎత్తలేని పెట్టె తీసుకెళ్లను. ఇంట్లోనే మంచం మీదకు ఒకసారి ఎత్తి చూస్తాను. మూలిగితే రెండు చొక్కాలు తీసేస్తాను. రెండు, స్టేషనుకు ముప్పావుగంట ముందు వెళ్తాను. పరుగెత్తకపోతే సగం చికాకులు ఉండవు. మూడు, బోగీ, బెర్తు నెంబర్లు పెద్ద అక్షరాలతో ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటాను. కళ్లజోడు ఏ జేబులో ఉందో తెలిసే లోపు చీటీ పనిచేస్తుంది. నాలుగు, తెల్లవారుజామున దిగాల్సి ఉంటే 139కి ఫోన్ చేసి, స్టేషన్ రాబోయే ముందు లేపమని పెట్టుకుంటాను. బోగీలో ఇబ్బంది వచ్చినా అదే నెంబరు. ఐదు, సాయంత్రం దాకా నీళ్లు బాగా తాగి, పడుకునే ముందు తగ్గిస్తాను. ఆరు, బెర్తు మారమంటే కింది బెర్తుకైతే సంతోషంగా, పై బెర్తుకైతే నవ్వుతూ కుదరదంటాను. "ఒక్కరే కదా" అంటే, "మోకాళ్లు రెండండీ" అంటాను. ఇంతవరకూ ఎవరూ కోప్పడలేదు. ఏడు, మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నది. ఎక్కిన వెంటనే పక్కవాళ్లతో రెండు మాటలు మాట్లాడతాను. మాట్లాడిన కుర్రాడు పాట సౌండు తానే తగ్గిస్తాడు. మాట్లాడని కుర్రాడికి నియమాలు చదివి వినిపించాల్సి వస్తుంది.

మొన్న వస్తూ కొవ్వూరు దాటాక లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. మనం చిన్నప్పుడు ఇక్కడ కిటికీలోంచి గోదావరిలో పైసలు వేసి దణ్ణం పెట్టేవాళ్లం. ఏసీ బోగీ అద్దాలు తెరుచుకోవు. దణ్ణం మాత్రం పెట్టాను. పక్కన 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసిన పాత వంతెన కనపడింది. తొంభై ఏడేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంది. 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెనకు మన సంఘంతో ఇంచుమించు ఒకే ఈడు. అది ఇంకా రైళ్లను, రోడ్డు వాహనాలను మోస్తూనే ఉంది. యాభై ఏళ్లంటే వంతెనల లోకంలో మధ్య వయసు. అప్పుడప్పుడు మరమ్మతు చేయించుకోవాలంతే.

కమిటీవారికి ఒక చిన్న విన్నపం. వచ్చే ఏడాది ఆహ్వానపత్రంతో పాటు ఒక వరస అదనంగా అడగండి: ఏ రైలుకు వస్తున్నారు, ఎన్నింటికి దిగుతున్నారు. ఇంటి నుంచి తోడు పంపనక్కర్లేదు. ఊళ్లో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు స్టేషన్లో నిలబడితే చాలు. ఆ నలుగురికీ నేను మళ్లీ ఫోన్ చేస్తాను. తోడు దొరకలేదంటే ఈ ప్రసంగం అంతా ఫోన్లో చదివి వినిపిస్తానని బెదిరిస్తాను. అప్పుడు తప్పకుండా వస్తారు.

నాకు ఈ రాత్రికే తిరుగు రైలు. బెర్తు నెంబరు 48. ఎనిమిదితో భాగించి చూసుకోండి. దాన్ని మార్చుకోమని మాత్రం ఎవరూ అడగరు.

 భోజనాలకు లేవండి.